నీళ్ళ గుంపు

"మెత్తగా నూరు. ఇదేం నీ గోంగూర పచ్చడి కాదు," అన్నాడు బర్నబాస్, పెరటి గుమ్మంలో నిలబడి పళ్ళు తోముకుంటూ.

రిబ్కా తలెత్తలేదు. సన్నికల్లు మీద ఆకు నూరుతూనే ఉంది. ఈ పని అయ్యాక టిఫిను చేయాలి, రెండు కారియర్లు కట్టాలి, అత్తగారికి వేడినీళ్ళు తోడాలి, ఆ తర్వాత పరుగులాంటి నడకతో తెనాలి స్టేషనుకి వెళ్ళి రేపల్లె పాసింజరు అందుకోవాలి. రేపల్లెకి ఇవతల ఒక పల్లెలో ఎలిమెంటరీ బడి టీచరు ఆమె. ఒకటో తరగతి పిల్లల చేయి పట్టి పలక మీద దిద్దించడం ఆమె ఉద్యోగం. "అదీ ఒక ఉద్యోగమేనా, ముక్కులు తుడిచే పని," అనేవాడు బర్నబాస్, చుట్టాలు వచ్చినప్పుడు అందరూ నవ్వాలని. అందరూ నవ్వేవాళ్ళు. రిబ్కా కూడా నవ్వేది. నవ్వకపోతే కోపం వచ్చిందంటారు, కోపం వస్తే టీచరమ్మ పొగరంటారు.

బర్నబాస్ ఉద్యోగం వేరు. అతను కాలేజీలో మందుల శాస్త్రం చెబుతాడు, పైగా పరిశోధన చేస్తాడు. మూర్ఛకీ పక్షవాతానికీ మన పెద్దలు వాడిన ఆకులూ వేర్లూ నిజంగా పనిచేస్తాయో లేదో తేల్చడం ఆ పరిశోధన. అన్నిట్లోకీ అతను నమ్ముకున్నది సరస్వతి ఆకు. బోరింగు పంపు పక్కన ఎప్పుడూ తడిగా ఉండే చోట రిబ్కా నాలుగు తీగలు నాటితే చాపలా పరుచుకుంది. అయితే ఆ ఇంట్లో దాని పేరు పలకడానికి వీల్లేదు. అత్తగారు సామ్రాజ్యం మిషను వారి దగ్గర బైబిలు స్త్రీగా పల్లెలన్నీ తిరిగి, ఆడవాళ్ళకి వాక్యం చెప్పి రిటైరైన మనిషి. "ఆ దేవత పేరు నా పెరట్లో వినపడకూడదు," అని ఒక్కమాటలో తేల్చేసింది. కొడుకు లాటిన్ పేరు చెప్పాడు, అది ఎవరికీ నోరు తిరగలేదు. చివరికి దానికి పేరే లేకుండా పోయి, ఉత్త ఆకైపోయింది. ఆ ఇంట్లో పేరు లేనివి రెండే, ఒకటి ఆకు, రెండోది కోడలు. కోడల్ని "అమ్మాయ్" అనేవారు, అదీ ఏదైనా కావలసి వచ్చినప్పుడు.

తొంభయ్యొకటి వేసవిలో కాలేజీ మూశారు. ఎలుకల్ని చూసే అటెండరు లాజరు సెలవు మీద ఊరెళ్ళాడు. దాంతో తెల్ల ఎలుకలు బోనులతో సహా ఇంటి వెనక వరండాలోకి వచ్చాయి. నీకూ సెలవులేగా అన్నాడు బర్నబాస్, ఆ మాటతో ఆమె సెలవులు కాస్తా అయిపోయాయి. బోనులు కడగడం, నానబెట్టిన శనగలు వేయడం, చచ్చినవాటిని పెరట్లో పాతిపెట్టడం ఆమె వంతు. వాటి చెవులకి క్లిప్పులు తగిలించి కరెంటు ఇవ్వడం అతని వంతు. కరెంటు తగలగానే ఎలుక కాళ్ళు బిగదీసుకుని కొట్టుకునేది, మనిషికి మూర్ఛ వచ్చినట్టే. ఆకు రసం తాగినది ఎంత తొందరగా తేరుకుంటుందా అని అతను గడియారం పట్టుకుని చూసేవాడు.

అవతలి వైపు బోనుల్లో ఉన్నవాటికి ఆకు లేదు, ఉత్త నీళ్ళే. వాటినీ అలాగే కొట్టుకోనిచ్చేవాడు. వీటికెందుకండీ ఈ బాధ, మందు కూడా లేకుండా, అని ఒకరోజు అడిగింది రిబ్కా. అతను ఆ పూట హుషారుగా ఉన్నాడేమో, విసుక్కోకుండా చెప్పాడు.

"తేడా తెలియాలంటే నీళ్ళ గుంపు ఉండాల్సిందే. తిండి, చోటు, చూసే మనిషి, అన్నీ రెండు గుంపులకీ ఒకటే ఉండాలి. మందు ఒక్కటే తేడా ఉండాలి. లేకపోతే నయం చేసింది మందో, ఇంకోటో ఎవడు చెప్పగలడు?" ఇంతా చెప్పి, "నీకు అర్థం కాదులే," అని లోపలికి వెళ్ళిపోయాడు.

అర్థమైంది. పిల్లలకి బొమ్మ గీసి చెప్పగలిగేంత బాగా అర్థమైంది.

ఆ ఏడు వానాకాలంలోనే సామ్రాజ్యం స్నానాల గదిలో పడిపోయింది. కుడిచేయి, కుడికాలు, మాట, మూడూ ఒక్కసారే పోయాయి. గుంటూరు ఆసుపత్రిలో కొన్నాళ్ళుంచి ఇంటికి పంపేశారు. పంపేరోజున బర్నబాస్ టాక్సీ కోసం బయటికి వెళ్ళినప్పుడు, కాళ్ళూ చేతులూ కదిలించే వైద్యం చేసే నర్సమ్మ ఒకామె రిబ్కాని దగ్గరికి పిలిచింది. వేళ్ళు ఎలా విప్పాలో, మోచేయి ఎలా మడవాలో, మడమ ఎలా నొక్కిపట్టాలో చేసి చూపించింది. "మందుల సంగతి ఎలా ఉన్నా, ఇది మానకండమ్మా. కదిపినంత కాలం ఆశ ఉంటుంది, వదిలేస్తే కట్టెలా బిగుసుకుపోతుంది," అంది. టాక్సీ వచ్చాక రిబ్కా ఆ మాట మొగుడికి చెప్పింది. అతను ముందుసీట్లో కూర్చుని ఆకు మోతాదు గురించి ఆలోచించుకుంటున్నాడు.

ఇంటికొచ్చిన పూటే సెలవు పెట్టమన్నాడు. పెట్టవా అని అడగలేదు, పెట్టు అన్నాడు. ఉన్న సెలవులు అయిపోయాక జీతం లేని సెలవు పెట్టమన్నాడు. పిట్టలవానిపాలెం నుంచి ఆడపడుచు అన్నమ్మ గంపలో పావురాలు పట్టుకుని దిగింది, వాటి రక్తం పూస్తే పక్షవాతం దిగుతుందని. అన్నయ్య ఆమెతో శాస్త్రం మాట్లాడి మాన్పించాడు. "నేనే ఉండి అమ్మని చూసుకుందామనుకున్నాను వదినా, కానీ మాకు నాట్లు," అని అన్నమ్మ మర్నాటి బస్సుకే వెళ్ళిపోయింది. పావురాలు మాత్రం ఉండిపోయాయి. వాటికి గింజలు వేసే పని కూడా రిబ్కాదే అయింది.

రోజుకి రెండు పూటలా గ్లాసుడు ఆకు రసం అమ్మ నోట్లో పోసేది బర్నబాస్. అది అతను ఎవరికీ ఇవ్వలేదు. మిగతాది రిబ్కాది. ఆ మిగతాది ఏంటో ఆ ఇంట్లో ఎవరూ పేరు పెట్టి చెప్పలేదు గనక చెప్పాలి. పుండ్లు పడకుండా మనిషిని ఇటు నుంచి అటు తిప్పడం. తడిసిన పక్క మార్చడం, ఉతకడం, మళ్ళీ తడిస్తే మళ్ళీ మార్చడం. నూనె రాసి, బిగుసుకున్న వేళ్ళని ఒక్కొక్కటే విప్పడం, విప్పిన వేళ్ళు మళ్ళీ ముడుచుకుంటే కోప్పడకుండా మళ్ళీ విప్పడం. పళ్ళెంలో చింతగింజలు పోసి ఒక్కో గింజా తీయించడం. ఒకటో తరగతి పిల్లల్ని పట్టుకున్నట్టే ఆ చేతిని తన చేతిలో పట్టుకుని పలక మీద సున్నాలు చుట్టించడం. నడుముకి తువ్వాలు కట్టి, ఆ బరువంతా తన నడుం మీద వేసుకుని, వరండా ఈ చివర నుంచి ఆ చివరికి నడిపించడం. సామ్రాజ్యం కోపం వచ్చినప్పుడు ఎడమచేత్తో కొట్టేది. ఆ చేయి బాగానే పనిచేసేది.

మాట మాత్రం రాలేదు. ఒక ఆదివారం బర్నబాస్ చర్చికి వెళ్ళాక, పక్క ఉతుకుతూ రిబ్కా ఏదో కీర్తన కూనిరాగం తీస్తుంటే, లోపల్నుంచి ఇంకో గొంతు కలిసింది. పరుగెత్తి వెళ్ళి చూసింది. నీళ్ళు అని అడగలేని మనిషి కీర్తన పాడుతోంది, చరణాలతో సహా. రిబ్కా పక్కన కూర్చుని తనూ గొంతు కలిపింది. ఆ రోజు నుంచి పాటలో నుంచి ఒక్కో మాటా విడదీసి అత్తగారి నోటికి అందించడం మొదలుపెట్టింది. నీళ్ళని రాగం తీసింది, అన్నాన్ని రాగం తీసింది, కొడుకు పేరునీ రాగం తీసింది. పొరుగువాళ్ళు టీచరమ్మకి పిచ్చిపట్టిందనుకున్నారు. చలికాలం దాటాక ఒక మధ్యాహ్నం గంజి తాగుతూ తాగుతూ సామ్రాజ్యం ముఖం చిట్లించి, రాగం లేకుండా, స్పష్టంగా, "ఉప్పు లేదు," అంది.

రిబ్కా గిన్నె కింద పెట్టి ఏడ్చింది. తన వంటకి వంక పెట్టినందుకు సంతోషంతో ఏడ్చిన కోడలు ఆ జిల్లాలో ఇంకొకతె ఉండదు. సాయంత్రం మొగుడు రాగానే ఎదురెళ్ళి చెప్పింది. అతను సైకిలు స్టాండు వేసి, జేబులోంచి పెన్ను తీసి తేదీ రాసుకున్నాడు. "చెప్పానా, ఆకు పనిచేస్తోందని," అన్నాడు.

సొమ్మొకడిది సోకొకడిది అంటారు. బాపట్లలో జరిగిన సదస్సుకి బర్నబాస్ తల్లిని కారులో తీసుకెళ్ళాడు. కర్రపట్టుకుని వేదిక మీద నాలుగడుగులు వేయించి, ఆమె చేత తన పేరు చెప్పించాడు. చప్పట్లు మోగాయి. ఆమె పడిపోకుండా వెనకే నడిచిన రిబ్కాని చూసి, పూర్ణచంద్రరావు గారని ఒక పెద్ద ప్రొఫెసరు, "ఆయా కూడా బాగా చూసుకుంటోందే," అన్నాడు. బర్నబాస్ ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత "అవునండి," అన్నాడు. అంత పెద్దమనిషి మాట తప్పని చెప్పడం బాగుండదని అతని ఉద్దేశం కాబోలు. భోజనాల దగ్గర రిబ్కాకి డ్రైవర్ల వరసలో ఆకు వేశారు. ఆమె తిన్నది. ఆకలిగా ఉంది, పైగా అత్తగారికి మళ్ళీ బాత్రూము వేళవుతోంది.

ఆ తర్వాతి ఆదివారం చర్చిలో కృతజ్ఞత కూడిక. స్వస్థత పొందిన మనిషి లేచి నిలబడి సాక్ష్యం చెప్పడం అక్కడి ఆనవాయితీ. సామ్రాజ్యం లేచింది. ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన మనిషి, ఇన్నాళ్ళకి మళ్ళీ పదిమంది ముందు నోరు తెరిచింది. మొదట దేవునికి స్తోత్రం చెప్పింది. తర్వాత కొడుక్కి ఆ జ్ఞానం ఇచ్చినందుకు స్తోత్రం చెప్పింది. ఆ తర్వాత దేవుడు సృజించిన ఆకుకి. రిబ్కా ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుని, ప్రతి మాటకీ తన పెదవులు కదుపుతోంది, పరీక్షలో తన బడి పిల్లలకి అందించినట్టు. ఒక్క మాట తడబడకూడదని ఆమె ఆరాటం. తన పేరు వస్తుందేమోనని ఆఖరిదాకా చూసింది. పాస్టరు అయ్యగారు నవ్వుతూ, మరి కోడలమ్మో అని అందించారు. "కోడలా? ఉంది," అంది సామ్రాజ్యం. అందరూ నవ్వారు. రిబ్కా నవ్వలేదు.

సాక్ష్యం ఊరికే పోదు. తెనాలి చుట్టుపక్కల పల్లెల నుంచి జనం సీసాలు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. రిబ్కా రోజంతా నూరుతూనే ఉంది. కొల్లిపర నుంచి మంగాయమ్మ అనే కూలిమనిషి, మొగుడు ముత్తయ్యకి కాలూచేయీ పడిపోయాయని, వారం వారం వచ్చి రసం పట్టుకెళ్ళేది. ఎన్ని వారాలు గడిచినా ముత్తయ్యలో మార్పు లేదు. మిగతావాళ్ళ కబురూ అలాగే ఉంది. ఒకరోజు బర్నబాస్ సన్నికల్లు దగ్గరికి వచ్చి, నూరిన ముద్దని రెండువేళ్ళ మధ్య నలిపి చూశాడు. "అమ్మకి నూరినప్పుడు శ్రద్ధ ఉంది, ఊళ్ళోవాళ్ళకి నూరేప్పుడు లేదు. నీ నూరుడులోనే ఉంది తేడా," అన్నాడు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఆ ఇంట్లో చెట్టు పనికొచ్చింది, పెరట్లో మనిషే పనికిరాలేదు. నయమైతే ఆకు, కాకపోతే రిబ్కా. ఆ లెక్క విన్నప్పుడు ఆమెకి దుఃఖం రాలేదు, ఒళ్ళు మండింది.

మర్నాడు బస్సెక్కి కొల్లిపర వెళ్ళింది. పూరింట్లో ముత్తయ్య మంచం మీద వెల్లకిలా పడి ఉన్నాడు. నడుం కింద పుండ్లు. కుడిచేయి గుండెలకి అతుక్కుని బిగుసుకుపోయింది. రిబ్కా వేళ్ళు విప్పబోతే అతను బాధతో మూలిగాడు, వేళ్ళు మాత్రం రాలేదు. మంగాయమ్మ అప్పుడే పొలం నుంచి వచ్చింది.

"మందు ఒక్కపూట తప్పలేదు టీచరమ్మా. పొద్దున పోసి కూలికెళ్తాను, వచ్చి మళ్ళీ పోస్తాను. కదపొద్దన్నారు సారు, మందు ఒంటికి పట్టాలంటే కదలకుండా ఉంచమన్నారు. మేమేం కదపట్లేదండి."

ఆ చివరిమాట ఆమె ఎంతో నమ్మకంగా, మెచ్చుకుంటారని చెప్పింది. రిబ్కా మంచం పక్కన కూర్చుని, ఆసుపత్రిలో తనకి చూపించినదంతా మంగాయమ్మకి చూపించింది. చూపిస్తున్నప్పుడే ఆమెకి తెలుసు, ఆ చేతికి అప్పటికే ఆలస్యమైపోయిందని. ఇదంతా చేయడానికి ఇంట్లో ఒక మనిషి కూలీనాలీ మానుకుని ఉండాలని కూడా తెలుసు. మంగాయమ్మ మానుకుంటే ఆ పొయ్యి వెలగదు.

ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, మొగుడి ముందు నిలబడి చెప్పింది. అత్తయ్యకి నయం చేసింది ఆకో కాదో తనకి తెలియదని, కానీ కదపడం వల్ల నయమైందని మాత్రం తెలుసునని, ఆ సంగతి రోగులకి చెప్పాలని, ముత్తయ్య చేయి కట్టె అయిపోయిందని. బర్నబాస్ పేపరు పక్కన పెట్టాడు.

"నువ్వెప్పుడు డాక్టరువయ్యావు? మా అమ్మకి నాలుగు రోజులు సేవ చేసి, ఇప్పుడు దానికి పేరు కావాలంటున్నావు. అంతేగా?"

రిబ్కా అత్తగారి వైపు తిరిగింది. సామ్రాజ్యం కుర్చీలో కూర్చుని, ఆ కుడిచేత్తోనే విసనకర్ర విసురుకుంటోంది. "అత్తయ్యా, మీరు చెప్పండి. మీ చేయి ఎలా వచ్చిందో మీకు తెలుసు."

సామ్రాజ్యం విసనకర్ర ఆపింది. కొడుకు మొహం చూసింది, కోడలి మొహం చూసింది. ఆమెకి తెలుసు. ఆ సంగతి ఆమె కళ్ళలో రిబ్కా చూసింది, అదే తర్వాత మర్చిపోలేకపోయింది.

"నా కొడుకు మందే," అంది. ఒక్క అక్షరం తడబడలేదు. ప్రతి అక్షరం రిబ్కా నేర్పినదే.

వేసవిలో ముత్తయ్య పోయాడని కబురొచ్చింది. అదే నెలలో బడి నుంచి కూడా కబురొచ్చింది, సెలవు ఇక పొడిగించరని, బడులు తెరిచిన రోజు చేరకపోతే ఉద్యోగం పోయినట్టేనని. "రాజీనామా రాసిచ్చెయ్. నా పని ముందు నీ పలకలెంత? ఆకు నూరడానికి నాకు మనిషి కావాలి," అన్నాడు బర్నబాస్. రిబ్కా బీరువాలోంచి కాటన్ చీరలు తీసి గంజి పెట్టి ఆరేసుకుంది.

బడులు ఇంకో వారంలో తెరుస్తారనగా సామ్రాజ్యానికి పక్షవాతం రెండోసారి వచ్చింది. అదే చేయి, అదే కాలు, అదే మాట. ఆసుపత్రిలో ఈసారి కూడా కదపమనే చెప్పారు, ఈసారి కూడా బర్నబాస్ వినలేదు. అతని మొహంలో దిగులుంది, కాదనలేం, తల్లి కదా. దిగులుతో పాటు ఇంకోటి కూడా ఉంది.

"పోయినసారి ఆలస్యంగా మొదలుపెట్టాం. ఈసారి మొదటిరోజు నుంచీ పక్కాగా చూడొచ్చు. అమ్మ లేచిందంటే ఇక ఎవడూ నోరెత్తడు," అన్నాడు.

తల్లి మంచం పక్కన నిలబడే అన్నాడు. సామ్రాజ్యం కళ్ళు తెరిచే ఉన్నాయి. అన్నీ వింటోంది.

"ఇలా రండి, వేళ్ళు ఎలా విప్పాలో చూపిస్తాను. ఇద్దరం చేద్దాం. పగలు మీరో, మీరు జీతానికి కుదిర్చిన మనిషో, సాయంత్రం నేను," అంది రిబ్కా.

"నేనా? మగాణ్ణి, పక్కలు మార్చమంటావా? నాకు కాలేజీ లేదా?" అన్నాడు. "నువ్వున్నావుగా."

బడి తెరిచే రోజు పొద్దున్నే రిబ్కా లేచి ఆకు కోసింది. మట్టి పోయేదాకా కడిగింది. మొగుడు వంక పెట్టలేనంత మెత్తగా నూరి, గుడ్డలో పిండి, రసం రెండు గ్లాసుల్లో పోసి మూత పెట్టింది. అత్తగారికి ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, పొడిబట్టలు తొడిగింది. లేవబోతుంటే సామ్రాజ్యం ఎడమచేత్తో ఆమె చీరకొంగు పట్టుకుంది. నోరు తెరిచింది. మాట రాలేదు. కాసేపు కొట్టుకులాడి, సన్నగా కీర్తన అందుకుంది. ఆ ఇద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియని దారి అది. తనని మళ్ళీ ఆ దారిన నడిపించమని బతిమాలుతోంది.

మీ కొడుకు మందే అన్నారుగా అత్తయ్యా, అని రిబ్కా నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఆ ముసలిదానికి తిరిగి అనడానికి మాట కూడా లేదు. అనలేదు. చీరకొంగు పట్టుకున్న వేళ్ళని మాత్రం ఒక్కొక్కటే విప్పింది. వేళ్ళు విప్పడం ఆమెకి బాగా అలవాటైన పని.

గంజిపెట్టిన చీరలో, భుజాన సంచీతో ఆమె ముందుగదిలోకి వచ్చేసరికి బర్నబాస్ గడ్డం గీసుకుంటున్నాడు. అద్దంలో చూసి, ఎక్కడికి అన్నాడు. బడికి అంది, సాయంత్రం బండికి వస్తానంది. అతను నురగ మొహంతో వెనక్కి తిరిగాడు.

"అమ్మ సంగతి ఏంటి?"

లోపల్నుంచి కీర్తన వినిపిస్తూనే ఉంది. రిబ్కా గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ ఆగింది. ఆమె గొంతులో కోపం లేదు, పిల్లలకి పాఠం చెప్పే గొంతే అది.

"ఆకు నూరి పెట్టాను, మీ కొలత ప్రకారమే. నయం చేసింది మందో, ఇంకోటో తెలియాలంటే మందు ఒక్కటే తేడా ఉండాలని మీరే చెప్పారు. పోయినసారి మందులో నేను కూడా కలిశానండి. ఈసారి ఆకు ఒక్కటే పోసి చూడండి."